బావంచాల నూనె

మా ఓనరక్కా మా అమ్మా ఒకరినొకరు తిట్టుకోలేదంటే, ఆ రోజు ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగా లేదని అర్థం. ఎల్బీనగర్‌లో రెండంతస్తుల ఇల్లు ఆవిడది. పైన ఆవిడ, కింద వాటాలో కిరాయికి నేనూ అమ్మా. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆవిడకిచ్చారు, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఉన్న ఒక్క కూతురు వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అంచేత పొద్దున్న లేవగానే తిట్టడానికి ఆవిడకు మా అమ్మే దొరికేది. నల్లా నీళ్ళతో వాకిలి కడిగితే చాలు, మెట్ల మీంచి కేక వినపడేది. "పెద్దమ్మా, గవి తాగే నీళ్ళు! కృష్ణ ఏమన్న మన ఇంటెనకనే పారుతున్నదనుకున్నవా?"

మా అమ్మది తెనాలి వైపు. తగ్గే రకం కాదు. "నీ సకినాలు కొరికితే పన్ను కదిలింది అమ్మాయ్, ముందు దాని సంగతి చెప్పు" అనేది. "పండ్లు గట్టిగ లేకుంటె సకినాలేం జేస్తయి" అని పైనుంచి జవాబు. సాయంత్రమయ్యేసరికి గోంగూర పచ్చడి గిన్నె పైకి వెళ్ళేది, సర్వపిండి ముక్క కిందికి వచ్చేది. ఆ ఊళ్ళో అమ్మకి ఉన్న స్నేహమంతా అదే. చుట్టుపక్కల వాళ్ళు మర్యాదగా నవ్వేవాళ్ళు. ఓనరక్క మాత్రం అరిచేది.

తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ తిట్లు పలచబడ్డాయి. మానుకోమని ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మోటారు దగ్గర మాటా మాటా పెరిగి, ఓనరక్క నోట్లోంచి "మీ ఆంధ్రోళ్ళంత గింతే" అని వచ్చేసింది. ఇంకో రోజైతే అమ్మ దానికి పది అని ఉండేది. ఆ రోజు ఊరుకుంది. ఓనరక్క "మోటరు బందు జేస్త తియ్" అని పైకెళ్ళిపోయింది. అప్పట్నించీ ఇద్దరూ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మాటలు ఏరుకుని మాట్లాడుకునేవాళ్ళు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. టీవీలో ఇటువాళ్ళు అటువాళ్ళని, అటువాళ్ళు ఇటువాళ్ళని కావలసినంత తిట్టుకుంటున్నారు. మా ఇంట్లో మాత్రం హాయిగా తిట్టుకునే ఇద్దరు ఆడవాళ్ళు నోళ్ళు కట్టేసుకున్నారు.

నేను అప్పుడు హయత్‌నగర్ వెళ్ళే దారిలో ఒక చిన్న క్రీముల కంపెనీలో కెమిస్టుని. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, కలిపే యంత్రాలు, మూలన ఫ్రిజ్. మా సరుకంతా మొక్కల సారాలే. ఉసిరి, మంజిష్ఠ, అతిమధురం, గ్రీన్ టీ. 'సహజమైన యాంటీ ఆక్సిడెంట్లు' అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేవాళ్ళం. అమ్మ ఒకసారి అవేంటని అడిగింది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, మన చర్మం కూడా ఎండకీ దుమ్ముకీ అలాగే లోపల్లోపల పాడవుతుంది, వంకాయని ఉప్పునీళ్ళలో వేస్తే నల్లబడటం ఆగినట్టు ఈ సారాలు ఆ పాడవడాన్ని కాస్త ఆపుతాయి అని చెప్పాను. "అంత చదువూ చదివింది మనుషుల ముఖాల్ని వంకాయలు చెయ్యడానికన్నమాట" అంది.

ఎవరేమన్నా నాకు ఆ పని ఇష్టం. మొక్క ఎండలో పుడితే ఎండలోనే నిలబడాలి. మనలాగా నీడకి జరగలేదు. అందుకని తనని కాపాడుకోడానికి కావలసినవి తనలోనే తయారు చేసుకుంటుంది. ఉసిరికాయలో వగరు, పసుపులో రంగు, ద్రాక్ష తొక్కలో నలుపు అలా పుట్టినవే. మనం వాటిని పిండుకుని ముఖానికి రాసుకుంటాం. మా యజమాని బాధ వేరు. సారం నిజంగా వేస్తే క్రీము గోధుమ రంగుకి తిరుగుతుంది, జనానికేమో పాలలాగా తెల్లగా కావాలి. అందుకని సారం చిటికెడు, మాటలు దోసెడు. పైగా చర్మం పాడవకుండా ఆపుతాయన్న ఆ సారాలే అందరికంటే ముందు పాడవుతాయి. మూత సరిగ్గా పెట్టకపోయినా, ఫ్రిజ్ వేడెక్కినా నల్లబడి కూర్చుంటాయి.

బందులు వరసగా వచ్చేసరికి లారీలు ఆగిపోయాయి, కరెంటు కోతలు పెరిగాయి. ఫ్రిజ్‌లో సారాలు నా కళ్ళముందే రంగు మారాయి. నేను చెయ్యగలిగింది తలుపు మాటిమాటికీ తీయకుండా ఉండటమే. చివరికి యజమాని షెడ్డుకి తాళం వేసి, పరిస్థితులు బాగుపడ్డాక పిలుస్తానన్నాడు. నేను ఇంట్లో కూర్చున్నాను.

ఓనరక్క సమ్మెలోకి వెళ్ళింది. వాళ్ళ ఆఫీసు వాళ్ళంతా రోడ్డు పక్కన టెంటు వేశారు. పేరుకే టెంటు, సగం మందికి నీడ, సగం మందికి ఎండ. ఓనరక్క తన నీడ ఇంకొకరికిచ్చి తను ఎండలో కూర్చునే రకం. వానలు పోయాక వచ్చే ఎండ మరీ చురుక్కుమంటుంది. ఆవిడకు ముందునుంచే బుగ్గల మీద మంగు ఉండేది. ఆ ఎండకి అది ముదిరి ముక్కు మీదికి పాకింది. ఒకరోజు మెట్లు దిగుతూ మా గుమ్మం ముందు ఆగి, "తెలంగాణ ఒచ్చేసరికి నా మొఖం బొగ్గయితది పెద్దమ్మా. దసరాకు ఇంటికొస్తె నా బిడ్డ నన్ను గుర్తువట్టది" అని నవ్వింది.

చాలా రోజుల తర్వాత ఆవిడ నోట పాత ధోరణి మాట వినేసరికి అమ్మకి ప్రాణం లేచొచ్చింది. "నా సున్నిపిండి ఉండగా నీకెందుకే బెంగ" అంది.

అమ్మ సున్నిపిండి మా వీధిలో పేరున్నదే. పెసలు, బియ్యం, కస్తూరి పసుపు, వట్టివేళ్ళు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు, బావంచాలు. అన్నీ ఎండబెట్టి గిర్నీలో ఆడించుకొస్తే, గిర్నీ అతను ఆ తర్వాత వచ్చిన వాళ్ళ గోధుమపిండి కూడా వాసనొస్తోందని గోలపెట్టేవాడు. ఒంటికి రుద్దుకుని కడిగేసుకునే పిండి అది. కానీ రుద్దుకునే తీరిక ఓనరక్కకి లేదు. పొద్దున్నే టెంటు దగ్గరికి వెళ్ళాలి, నల్లా రోజు విడిచి రోజు వస్తోంది. "గదంత రుద్దుకుంట కూసుంటె నా సమ్మె ఎవలు జేస్తరు? క్రీము లెక్క రాసుకునేదుంటె ఇయ్యి పెద్దమ్మా" అంది.

అమ్మ ఆలోచించింది. ఆ పిండిలో మచ్చల మీద పనిచేసేవి బావంచాలే అని ఆవిడ నమ్మకం. చిన్న నల్లటి గింజలు, ఘాటైన వాసన. వాటిని కచ్చాపచ్చాగా దంచి, నువ్వుల నూనెలో వేసి, సన్నని సెగ మీద కాచి, పాత పంచె ముక్కలో వడకట్టి, ఖాళీ టానిక్కు సీసాలో పోసి ఇచ్చింది. స్నానానికి ముందు రాసుకుని, సెనగపిండితో శుభ్రంగా కడిగెయ్యమని చెప్పింది కూడా. నేనా పూట కూరగాయలు దొరుకుతాయేమోనని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇంట్లో నూనె కాగిన వాసన. ఏదో పచ్చడి తాలింపు అనుకుని అన్నం పెట్టుకుని తిన్నాను.

కొన్నాళ్ళు ఓనరక్క చెప్పినట్టే చేసింది. ముఖం నున్నగా అయిందని పొంగిపోయింది. తర్వాత హైవే మీద వంటావార్పు అని పిలుపొచ్చింది. విజయవాడ రోడ్డుకి అడ్డంగా రాళ్ళు పేర్చి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని అక్కడే తినాలి. ఆ రోజు పొద్దున్న ఆవిడ నూనె రాసుకుంది, కడుక్కోలేదు. "దినమంత ఎండల ఉంటగద, జర అడ్డం ఉంటదనుకున్న" అని తర్వాత చెప్పింది. మొక్కల సారం ఎండనుంచి కాపాడుతుందని మా డబ్బాల మీద మేం రాసేదే ఆవిడ తనంతట తను అనుకుంది.

పొద్దున్నించి సాయంత్రం దాకా పప్పు గుండిగ దగ్గర గరిటె పట్టుకుని నిలబడిందట. ఇంటికొస్తూ మాకో డబ్బాలో పప్పన్నం తెచ్చింది. "మీ విజయవాడ బస్సులాపి వండినం, రుచి జూడు పెద్దమ్మా" అంది. అమ్మ ఒక ముద్ద తిని "ఉప్పు తక్కువైంది" అంది. "రోడ్డు మీద నీ లెక్క ఉప్పు డబ్బా ముంగటేసుకొని కూసుంటమా" అని ఓనరక్క రెచ్చిపోయింది. ఇద్దరూ అరుచుకున్నారు. నేను వంటింట్లో నిలబడి, అమ్మయ్య, మళ్ళీ మొదలైంది అనుకున్నాను.

మర్నాడు ఆవిడ ముఖం ఎర్రగా కందింది. మంట అంది, ఎండే కదా అనుకున్నాం. ఆ మర్నాటికి నుదుటి మీదా రెండు బుగ్గల మీదా బొబ్బలు. కన్ను తెరవడానికి లేకుండా వాచిపోయింది. అమ్మ చూసింది. నూనె ఎప్పుడు రాశావని అడిగింది, ఆవిడ చెప్పింది. అమ్మ మెట్ల మీదే కూలబడింది.

"మా ఊళ్ళో బొల్లికి ఇదే రాసి ఎండలో కూర్చోబెట్టేవాళ్ళు" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు.

రెండూ అమ్మకు తెలుసు. బావంచాలు నిగారింపుకని సున్నిపిండిలో వేస్తారని తెలుసు. తెల్లమచ్చ మీద రాసి ఎండ చూపిస్తే చర్మం కాలినట్టయి నల్లబడుతుందనీ తెలుసు. రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టుకోలేదు, పెట్టుకునే అవసరం రాలేదు. పిండిలో చిటికెడే పడేది, వెంటనే కడిగేసేవాళ్ళం, అదీ స్నానాలగదిలో. మొక్క ఎండనుంచి తనని కాపాడుకునే పదార్థాలు చేసుకుంటుందన్నాను కదా, కొన్ని మొక్కలు అక్కడితో ఆగవు. తమని తినొచ్చే పురుగుల మీదికి ఆ ఎండనే ఉసిగొలిపే పదార్థం కూడా చేసుకుంటాయి. బావంచాల్లో ఉన్నది అది. ఇప్పుడు ఆ గింజలోంచే ఎండతో గొడవపడే భాగాన్ని తీసేసి, మిగిలిన సారాన్ని ఖరీదైన సీసాల్లో అమ్ముతున్నారు. ఆ ప్రకటన కనపడినప్పుడల్లా నేను ఫోను పక్కన పెట్టేస్తాను.

ఆ రోజు బందు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. నా స్కూటీ మీద దవాఖానకు తీసుకెళ్తానన్నాను. ఓనరక్క ముఖానికి చున్నీ చుట్టుకుని వెనక కూర్చుంటూ, "చెల్లె, తొవ్వల ఎవలన్న ఆపితె నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడుత" అంది. ఎందుకో నేనడగలేదు. నా యాస సంగతి నాకు తెలుసు.

కొత్తపేట దగ్గర జెండాలు పట్టుకుని యువకులు రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. ఆపారు. ఓనరక్క చున్నీ కొంచెం జరిపి చూపించింది. వాళ్ళలో ఒకతను లేచి నిలబడ్డాడు.

"ఎవలు జేసిండ్రక్కా గిట్ల?"

"ఎవలు జేస్తరు తమ్మీ. ఎండ. మొన్న రోడ్డు మీద వంట జేసినం గద, గా ఎండ."

నా నోటి నిండా జవాబు ఉంది. గింజ పేరు, అందులో ఉన్న పదార్థం పేరు, అది ఎండ తగిలితే ఏం చేస్తుందో, అన్నీ ఉన్నాయి. ఒక్క మాట బయటికి వస్తే అది కింద వాటా ఆంధ్రావాళ్ళిచ్చిన నూనె అవుతుంది. హ్యాండిల్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు రాళ్ళు జరిపి దారిచ్చి, ఆవిడకు దణ్ణం పెట్టి "జై తెలంగాణ అక్కా" అన్నారు. ఆవిడ చున్నీలోంచే జై కొట్టింది.

చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చర్మం డాక్టరు క్లినిక్కూ మూసేశారు. పక్క మందుల షాపాయన సగం తెరిచిన షట్టరు కిందనుంచి వంగి, సైదాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఇంటి దగ్గర చూస్తుందని చెప్పాడు. గల్లీలన్నీ తిరిగి ఆ ఇల్లు పట్టుకున్నాం. డాక్టరమ్మ ముఖం చూసి, ఏం రాశారని అడిగింది.

"ఏం రాయలె మేడం" అంది ఓనరక్క.

నేను చెప్పేశాను. ఓనరక్క నా వైపు ఎంత కోపంగా చూసిందంటే, ఆ కోపం మా అమ్మకి చూపించి ఉంటే బాగుండేది. డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. చల్లటి గుడ్డ వెయ్యమంది, పూత మందు రాసిచ్చింది, ఎండ అసలు తగలకూడదంది. పొక్కులు మానిపోతాయి గానీ నలుపు తొందరగా పోదు, కొందరికి మొత్తం పోదు అని కూడా చెప్పింది. చేసేదేమైనా ఉందా అనడిగాను. ఆగి చూడటమే అంది.

తిరుగు దారిలో ఓనరక్క నా చెవి దగ్గర చెప్పింది. "గా ముచ్చట ఇంకెవ్వలకు చెప్పకు చెల్లె. పెద్దమ్మ పేరు నలుగురి నోళ్ళల్ల పడితె మంచిగుండదు. దినాలు మంచిగ లెవ్వు."

దసరాకి కూతురొచ్చి ముఖం చూసి ఏడ్చింది. కూతురికీ ఓనరక్క ఎండ అనే చెప్పింది. టెంటులో వాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. ఉద్యమంలో ముఖం కాల్చుకున్న అక్క అని ఆవిడకు పేరొచ్చింది. పై గదిలో మాటలు కిందికి వినపడేవి. ఎవరో ఒకావిడ "కిందోళ్ళేమన్న పెడితె తింటున్నవా ఏంది, జర జాగ్రత్త" అని నవ్వులాటగా అంది. "మా పెద్దమ్మను అట్లనకు" అని ఓనరక్క గట్టిగా అంది. అమ్మ కింద గోడకి ఆనుకుని, పైకి తీసుకెళ్దామని కలిపిన మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది. వాళ్ళందరూ వెళ్ళాక తీసుకెళ్ళింది. ఓనరక్క తాగి, గ్లాసు తిరిగిస్తూ "థాంక్స్ పెద్దమ్మా" అంది.

ఆ మాట అంతకు ముందెప్పుడూ ఆ ఇంట్లో వినలేదు. అమ్మ కిందికొచ్చి గ్లాసు కడుగుతూ, "థాంక్సట" అంది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

పొక్కులు ఎండిపోయాయి. వాటి చోట కాఫీ డికాక్షన్ ఒలికినట్టు మచ్చలు మిగిలాయి. అమ్మ సున్నిపిండి చెయ్యడం మానేసింది. మిగిలిన గింజలు చెత్తలో కూడా వెయ్యలేక, ఏ పిల్లలు ముట్టుకుంటారోనని పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది. ఓనరక్క మర్యాద మాత్రం రోజురోజుకీ పెరిగింది. బాగున్నవా పెద్దమ్మా, తిన్నవా పెద్దమ్మా. ఆ పలకరింపులు వింటుంటే నాకు గోడకి తలకొట్టుకోవాలనిపించేది. కోపాన్ని ఎదుర్కోవచ్చు, బతిమాలొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. ఈ మంచితనాన్ని ఏం చేస్తాం?

అమ్మ తనకు తోచింది తను చేసింది. ఒకరోజు పొద్దున్నే బిందెడు నల్లా నీళ్ళు కావాలని వాకిట్లో కుమ్మరించి, చీపురు పట్టుకుని మెట్ల వైపు చూస్తూ నిలబడింది. ఓనరక్క పిట్టగోడ దగ్గరికొచ్చింది. చూసింది. లోపలికెళ్ళిపోయింది. ఇంకో రోజు ట్యాంకు నిండి గోడమ్మట కారుతున్నా అమ్మ మోటారు కట్టెయ్యలేదు. ఓనరక్కే దిగొచ్చి స్విచ్చి ఆపి, "ఏంగాదు పెద్దమ్మా, యాది మర్చినట్టున్నవ్" అని నెమ్మదిగా చెప్పి వెళ్ళింది. నేను అమ్మని తిట్టాను, చిన్నపిల్లలా ఏంటీ పనులని. "నువ్వు తిడితే ఏం లాభం?" అంది.

ఆ సాయంత్రం అమ్మ పైకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఓనరక్క మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అమ్మ కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది.

"నీ ముఖం పాడు చేశాను అమ్మాయ్. ఒక్కసారి నోరారా తిట్టు. నా బతుకు నిలబడుతుంది."

ఓనరక్క చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"నాకు కోపం లేదనుకుంటున్నవా పెద్దమ్మా? అద్దంల చూసుకున్నప్పుడల్ల ఒస్తది. ఒకప్పటి దినాలైతె నిన్ను ఏడు తరాలు తిడుదును. నువ్వు గూడ నన్ను తిడుదువు, కడగకుండ ఎందుకు పోయినవే అని. గిప్పుడు నేనొక్క మాటంటె అది నా మాట గాదు. గోడ అవుతల ఇన్నోళ్ళు ఇంకోతీర్గ తీసుకుంటరు. నీకు గూడ నేను తిట్టినట్టుండది, ఊరంత తిట్టినట్టుంటది. నువ్వు ఇల్లు ఖాళీ జేసి పోతవు. పోతె కింద నాకెవరున్నరు?"

అమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే మీ తెలంగాణ వచ్చాకైనా తిట్టు" అంది. ఓనరక్క నవ్వబోయింది. నవ్వితే బుగ్గ లాగినట్టుందేమో, చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది. మా బంధువులు తెలంగాణ రాకూడదని ఫోన్లలో వాదించేవాళ్ళు. ఈవిడేమో టీవీ ముందు కూర్చుని, ఎప్పుడిస్తారే, ఇచ్చేస్తే పోదా అనేది. వాళ్ళకు కారణం తెలియదు. చెప్పినా అర్థమయ్యేది కాదు.

వచ్చింది. రెండేళ్ళు దాటాక, తెలంగాణ వచ్చిన ఆ రోజు ఎల్బీనగర్ అంతా టపాకాయలు, డప్పులు, గులాల్. ఓనరక్క తల నిండా గులాబీ రంగుతో మెట్లు దిగొచ్చింది. ముఖానికి మాత్రం ఎవరినీ రంగు పుయ్యనివ్వలేదు, బుగ్గల మీద ఆ మచ్చలు అలాగే ఉన్నాయి. అమ్మ చేతిలో లడ్డూ పెట్టింది. అమ్మ దాన్ని నోట్లో పెట్టుకోలేదు. పమిట సర్దుకుని, బడిలో దెబ్బకి చెయ్యి చాచిన పిల్లలా ఎదురుగా నిలబడింది.

"వచ్చింది కదా అమ్మాయ్. ఇంక తిట్టు."

ఓనరక్క ముఖంలో నవ్వు పోయింది. అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఎట్ల తిట్టాలె పెద్దమ్మా. గప్పుడు మేం కొట్లాడేటోళ్ళం. గిప్పుడు గెలిచినోళ్ళం. గెలిచినోళ్ళు తిడితె ఇంక ఘోరముంటది."

వీధిలోంచి ఎవరో పిలిచారు. అమ్మ చేతులు నెమ్మదిగా వదిలి వెళ్ళిపోయింది.

అమ్మ గుమ్మంలోనే నిలబడింది. లడ్డూ ఇంకా చేతిలోనే ఉంది. కోపం లేకపోతే మంచిదే కదమ్మా, నిన్ను ఎప్పుడో క్షమించింది అన్నాను.

"క్షమించడం ఎవరిక్కావాలే" అంది అమ్మ. "ఈ ఊళ్ళో నా మీద అరిచే మనిషి అదొక్కతే."